రెండు వాగుల నడుమ, బండి కింద చప్పుడు

సిరోంచలో బస్సు దిగేసరికి సాయంత్రమైంది. వాన. గడ్చిరోలి నుంచి ఆ బస్సులో వస్తే ఒళ్ళు హూనమవుతుందని ముందే చెప్పారు, అబద్ధం చెప్పలేదు. భుజాన కిట్ బ్యాగు, చేతిలో త్రీ నాట్ త్రీ రైఫిలు, తలమీద గ్రౌండ్ షీటు. ఎనభైల చివర్లో ఒక వానాకాలం అది. నాది రిజర్వు దళం. మా వాడలో ఇప్పటికీ కొందరు "నువ్వు మిలిట్రీయా, పోలీసువా?" అని అడుగుతుంటారు. దోమలకు ఆ తేడా తెలియదు. నేనూ దాన్ని పట్టించుకోవడం మానేశాను.

మర్నాడు పొద్దున్నే అంకిస మీదుగా అడవిలోకి తీసుకెళ్ళి పోస్టులో దింపారు. రేకుల కప్పు. ఇసుక బస్తాలు. చుట్టూ ముళ్ళతీగ. తీగకు అవతల టేకు, వెదురు, ఆ తర్వాత ఏముందో కనపడదు. పోస్టుకూ అంకిసకూ మధ్య రెండు వాగులు. రెండింటికీ వంతెనల్లేవు.

మా హవల్దారు ఎండ ప్రాంతపు మరాఠీ మనిషి. నీళ్ళంటే ఆయనకు నమ్మకం లేదు. "వాగులొచ్చాయంటే మనం జైల్లో ఉన్నట్టే. జైల్లో అయితే చూడ్డానికి చుట్టాలైనా వస్తారు," అన్నాడు మొదటిరోజే.

గోదావరికి అవతల నక్సలైట్లు మందుపాతర్లు పెడుతున్నారని అప్పుడప్పుడే కబుర్లు మొదలయ్యాయి. అందుకని పైనుంచి ఒక హుకుం వచ్చింది. రోడ్డు మీద గానీ బండి కింద గానీ తెలియని వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దు. అందరూ దిగాలి. దూరం పోవాలి. వైర్‌లెస్‌లో చెప్పాలి. ఆగాలి. హవల్దారు ఆ హుకుంను మాచేత రోజూ హాజరీ పిలిచాక ఒకసారి వల్లె వేయించేవాడు. చిన్నప్పుడు ఎక్కాలు కూడా అంత శ్రద్ధగా చదవలేదు నేను.

మాకు వండిపెట్టే రాజన్నది అంకిస. వరి రైతు. పొలం అన్నదమ్ములకు అప్పజెప్పి మా దగ్గర గరిటె పట్టాడు. ఆయన పప్పును మేం తిట్టని రోజు లేదు. "మంచిగున్నదో లేదో గిన్నె జూస్తే తెలుస్తది," అనేవాడు. గిన్నె ఎప్పుడూ ఖాళీగానే ఉండేది మరి.

నేను వెళ్ళిన కొన్నాళ్ళకు రాజన్నకు జ్వరం పట్టుకుంది. వణుకు, చెమట, మళ్ళీ వణుకు. మా పెట్టెలో ఉన్న మాత్రలన్నీ మింగించాం. ఒకరోజు పొద్దున టీ పట్టుకెళితే నా మొహం చూసి, "ఎవల్రా నువ్వు? మా బర్రెను ఎటు తోలినవ్?" అన్నాడు. నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు. జ్వరం తలకెక్కితే మనిషి ఎంతసేపు ఉంటాడో ఆ అడవిలో పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు.

వైర్‌లెస్ ఆపరేటరు సెట్టు ముందు కూర్చున్నాడు. "సిరోంచ, సిరోంచ. మనిషికి సోయి తప్పుతోంది. దవాఖానాకు తెస్తున్నాం. ఓవర్."

"తీసుకురండి. డాక్టరు ఉన్నాడు. ఆలస్యం చేయొద్దు. ఓవర్."

రాత్రంతా కురిసిన వాన తెరిపిచ్చింది. చిన్న ట్రక్కు వెనక రాజన్నను పడుకోబెట్టాం. ఆయన పక్కన నేను, సెట్టుతో ఆపరేటరు. ముందు హవల్దారు, డ్రైవరు. డ్రైవరు అహేరి ఊరి ముస్లిం. మాకందరికీ భాయ్. ఆ ట్రక్కును ఆయన కొడుకులా చూసుకునేవాడు, తిట్టడం కూడా అలాగే తిట్టేవాడు.

మొదటి వాగులో నీళ్ళు బంపరు దాకా ఉన్నాయి. ఎర్ర నీళ్ళు. కొమ్మలు, చెత్త, తీగలు కొట్టుకొస్తున్నాయి. మధ్యలో ఏదో ధన్‌మని తగిలింది. బండి ఒరిగింది. నేను రాజన్నను గట్టిగా పట్టుకున్నాను. భాయ్ గేరు మార్చకుండా, కాలు తీయకుండా, ఏదో తిట్టుకుంటూ ఒడ్డెక్కించాడు.

ఒడ్డెక్కి కొంచెం దూరం పోయామో లేదో, కింద చప్పుడు మొదలైంది.

లొటక్. లొటక్ లొటక్.

భాయ్ తల బయటపెట్టి విన్నాడు. "సైలెన్సర్ గాదు. సైలెన్సరయితే రేసిస్తే పెరుగుతది." రేస్ ఇచ్చాడు. పెరగలేదు. "కమాన్ పట్టీ, గా చక్రం మీది స్ప్రింగు, ఇరిగిందంటే గుంతల్లనే మొత్తుకోవాలె. ఇది సాఫ్ జాగల గూడ మొత్తుకుంటున్నది." స్టెప్నీ బోల్టులు చూడమన్నాడు. చూశాను, బిగుతుగా ఉన్నాయి. నా కాళ్ళ దగ్గరున్న నీళ్ళ డబ్బాను ఎత్తి పట్టుకోమన్నాడు. ఎత్తి పట్టుకున్నాను. లొటక్ లొటక్.

ఇంకొంత దూరం పోయాక రెండో వాగు కనిపించింది. రెండు గట్లూ ముంచేసి పారుతోంది. బండి ఆపాల్సి వచ్చింది. భాయ్ దిగి, మోకాళ్ళ మీద వంగి కిందికి చూశాడు. వెంటనే లేవలేదు. లేచాక ఆయన గొంతు మారిపోయింది.

"సాబ్, తాడున్నది. వెనక కమాన్ కట్టకు చుట్టుకొని ఉన్నది. దానికి ముద్దలెక్క ఏందో యాలాడుతున్నది. అంత బురద, ఆకులు. సమజయితలేదు."

హవల్దారు వంగి చూడలేదు. "అందరూ దిగండి."

రాజన్నను గ్రౌండ్ షీటు మీద మోసుకుని రోడ్డు పక్క చెట్ల కిందికి చేర్చాం. బండి అక్కడ, మేం ఇక్కడ. ఆపరేటరు సిరోంచను పిలిచాడు. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది.

"గడ్చిరోలి నుంచి బాంబు టీమ్ రావాలి. రోడ్లు మునిగాయి. రేపు. ఎవరూ ముట్టుకోవద్దు. ఓవర్."

"మనిషి రేపటిదాకా ఆగడు. ఓవర్."

"ముట్టుకోవద్దు. అవుట్."

మళ్ళీ వాన అందుకుంది. వెనక్కి పోదామంటే మొదటి వాగు మాకు వినిపించేంతగా హోరు పెట్టింది. ముందు రెండోది. అటూ ఇటూ అడవి. మేం దిగబడ్డది వాగుల మధ్య ఒక ముక్క రోడ్డు. దాని మధ్యలో మా బండి, కింద ఆ ముద్ద. ఇంత పెద్ద అడవిలో నాకు ఊపిరాడలేదంటే మీరు నమ్మరు. చిన్నప్పుడు నేను ధాన్యం గాదెలో పడితే ఎవరో మూత వేసేసినప్పుడు అలాగే అనిపించింది.

రాజన్న కళ్ళు తెరిచి ఉన్నాయి, ఏమీ చూడటం లేదు. వానచుక్కలు కళ్ళలో పడుతున్నా రెప్ప వేయడం లేదు. నా టోపీ ఆయన మొహం మీద అడ్డం పెట్టాను.

భాయ్ నీటి అంచున గుర్తుకు పుల్ల పాతి వచ్చాడు. చాలాసేపటికి వెళ్ళి చూశాడు. "సాబ్, నీళ్లు దిగుతున్నయ్. జర తెరిపిచ్చింది గద. ఇప్పుడయితే దాటుతం. మల్ల మొగులయితున్నది, వానొస్తది. నన్ను పోనియ్యిండ్రి, కత్తితోని తాడు కోసేస్త."

"హుకుం ఏమిటి?"

"హుకుం నాకెరికే సాబ్. ఈ మనిషి సంగతేంది?"

హవల్దారు టోపీ తీసి నీళ్ళు దులుపుకున్నాడు. ఆయనను నేను అప్పుడు అసహ్యించుకున్నాను. అదే సమయంలో ఆయన సరేనంటే, 'పో, నువ్వు కూడా పో' అని నాతో అంటాడేమోనని భయపడ్డాను. రెండూ నిజమే.

అప్పుడు బండి కింద నుంచి చప్పుడు వచ్చింది. ఇంజను ఆపి ఉంది. లోపల ఎవరూ లేరు. లొటక్.

ఎవరం కదల్లేదు. రోడ్డు మీది వాన నీళ్ళు బండి కిందుగా పారుతున్నాయి, వాటి తాకిడికి ఊగుతోందని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు నేను రాజన్న మీదికి వంగిపోయాను. ఆపరేటరు దండం పెట్టుకున్నాడు. లొటక్. లొటక్ లొటక్.

అడవిలోంచి దానికి జవాబు వచ్చింది. ఒక కేక. "ఓ... ఓయ్... ఓ..." ఆడగొంతు.

రైఫిళ్ళు అటు తిప్పాం. వెదురు పొదల్లోంచి ఒక గోండు ఆడమనిషి బయటికొచ్చింది. తలమీద వానకు అడ్డంగా ఆకులతో అల్లిన గూడ. భుజాన గొడ్డలి. తడిసి ముద్దయింది. హవల్దారు "ఆగు!" అని అరిచాడు. ఆమె మాకేసి చూడనైనా లేదు. తల పక్కకు వంచి వింటోంది. తిన్నగా బండి వైపు నడిచింది.

"అక్కా, పోకు! కింద బాంబున్నది!" అన్నాడు భాయ్.

"గది మా ఎద్దు గంట," అందామె, నడక ఆపకుండానే.

హవల్దారు మళ్ళీ అరిచాడు. నా వేలు ట్రిగ్గరు మీద ఉంది. ఆమె గొడ్డలి కింద పెట్టి, బురదలో పడుకుని, బండి కిందికి దూరింది. మాకు కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి ఆమె బయటికొచ్చి నిలబడి ఉంది. చేతిలో తెగిన తాడు. తాడుకు చెక్క గంట. పశువులకు మెడలో కట్టేది, చెక్కను తొలిచి లోపల నాలుకలు వేలాడదీసేది. అడవిలో పశువును అది కనపడకపోయినా చప్పుడును బట్టి పట్టుకుంటారు. ఎవరి గంట చెక్కుడు వాళ్ళది, ఎవరి చప్పుడు వాళ్ళకు తెలుసు. మేం పోస్టులో కూర్చుని పొద్దూమాపూ వింటున్న చప్పుడే. తీగకు అవతల వినిపిస్తే పశువు అనుకున్నాం. బండి కింద వినిపించేసరికి మాకు బాంబు తప్ప ఇంకేమీ తోచలేదు.

నాకు ఒక్కసారిగా ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఆపరేటరు గట్టిగా నవ్వేశాడు.

ఆమె ట్రక్కు వెనక్కి వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి లోపలికి చూసింది. తిరిగి మా దగ్గరికొచ్చింది.

"ఎద్దేది?"

ఆపరేటరు నవ్వు ఆపేశాడు.

"పొద్దుగాల గంట ఇన్న. ఇటే పోయింది. అడివి పట్టుకొని మీ బండెంబడే వచ్చిన. మా ఎద్దేది? కోసుకొని తిన్నరా?"

"అల్లా కసమక్కా, మేం ఎద్దునే చూడలే," అన్నాడు భాయ్. "వాగుల తట్టుకున్నది. చెత్తతోని గలిసి నీళ్ళల్ల కొట్టుకొచ్చింది."

ఆమె నమ్మలేదు. ఖాకీ వాళ్ళ మాట ఎందుకు నమ్మాలి? తాడు కొసను వేళ్ళతో విప్పి చూసింది. కోసినట్టు లేదు. పీచులు పీచులుగా తెగింది.

"తెంపుకున్నది," అంది మెల్లగా. "నేనే కట్టేసిన. తెల్లారి నాగలి కట్టేదున్నది, దూరం పోవద్దని వాగొడ్డుకు నేనే కట్టేసిన."

హవల్దారు పైకి చూశాడు. ఆకాశం నల్లబడింది. "ఎక్కించండి," అన్నాడు.

రాజన్నను ఎక్కించాం. రెండో వాగు దాటుతుంటే నీళ్ళు మళ్ళీ పెరుగుతూనే ఉన్నాయి, వెనక చక్రాలు ఒకసారి జారాయి. అయినా దాటాం. సిరోంచ దవాఖానాలో డాక్టరు సెలైను పెట్టి, "ఇంకాస్త ఆగితే తెచ్చి లాభం లేకపోయేది," అన్నాడు. రాజన్న బతికాడు. సగమై తిరిగొచ్చి మళ్ళీ గరిటె పట్టాడు. పప్పు మాత్రం ఏమీ బాగుపడలేదు.

ఆమెది ఏ ఊరో కనుక్కుందామని ఆ తర్వాత చాలాసార్లు అడిగాను. గోండు గూడేల్లో మా ఖాకీ చూడగానే ఎవరికీ ఏమీ తెలియకుండా పోయేది. అక్కడ నా టూర్ డ్యూటీ అయిపోయింది. సిరోంచలో బస్సెక్కి, బల్లార్షాలోని మా ఇంటికొచ్చాను. వేడినీళ్ళతో స్నానం. అమ్మ వేసిన కోడికూర. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి కూర్చుని, కాల్పులు జరిగాయా, ఎవరినైనా చంపావా అని అడిగారు. జరగలేదన్నాను. చాలామంది నిరాశపడి టీ తాగి వెళ్ళిపోయారు.

వాళ్ళకు చెప్పనిది ఇది. ఆ రోజు వాగు దాటి ఒడ్డెక్కాక ట్రక్కు వెనక నుంచి చూశాను. మేం బయటపడ్డాం. ఆమె ఆ రెండు వాగుల నడుమే ఉంది. నీటి అంచు పట్టుకుని, రెండు వాగులూ కలిసే వైపు కిందికి నడుస్తోంది. నాలుగడుగులు వేసి చేతిలోని గంటను ఊపుతోంది. ఊపి, ఆగి, తల పక్కకు వంచి, వింటోంది.