ఆరో వాటా

లెక్కలు పిల్లల ఇళ్లలోంచే పుట్టాలని ట్రైనింగుకు వెళ్లిన ప్రతిచోటా గొంతు చించుకునేవాణ్ణి. పాఠంలో ఆపిల్ పళ్లుంటే కొట్టేసి జీడిపిక్కలు రాయించేవాణ్ణి. పలాస నుంచి ఉద్దానం తీరంలోని మత్స్యకారుల ఊరికి బదిలీ అయ్యాక, నాలుగో తరగతికి భాగహారం చేపలతోనే మొదలుపెట్టాను. ఐదుగురు వేటకెళ్లారు, అరవై కానాగంతలు పడ్డాయి, ఒక్కొక్కరికి ఎన్ని?

"పడవకి వాటా లేదేటి మేస్టారూ?" అని వెనక వరస నవ్వింది. లేదనుకోండిరా అన్నాను.

ఒకమ్మాయి మాత్రం పది అని రాసింది. పడవని తీసేయమన్నానా లేదా అని కసిరాను. మర్నాడు గులకరాళ్లిచ్చి పంచమన్నాను. ఐదు కుప్పలు పోసి, ఆరోది కాస్త ఎడంగా పోసింది.

"ఇదెవరిది?"

"మా నానది."

వాళ్ల నాన్నకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్, వేట మానేసి రెండేళ్లు. అయినా అతనితో వల లాగిన ఐదుగురూ ఏ రోజూ అతని వాటా ఆపలేదు. సాయంత్రమయ్యేసరికి గుమ్మంలో చేపలుండేవి. ఆ పిల్ల కళ్లతో చూసిన పంపకం అదొక్కటే.

నాకు బుద్ధి రావలసింది అక్కడే. కానీ గురుకులం సీటుకు ప్రవేశ పరీక్ష దగ్గరపడుతోంది, ఆ పేపర్లు దిద్దేది నేను కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, "లెక్కలో మీ నాన్న లేడమ్మా, ఐదుగురికే పంచు" అన్నాను.

"మరి మా ఇంటికెవులు తెత్తారు మేస్టారూ?"

మళ్లీ అదే లెక్క ఇచ్చాను. వారం రోజులు అదే మాట అన్నాను. ఇళ్లలోంచి లెక్కలు రావాలన్నవాణ్ణి, ఒక ఇల్లు నిజంగా తరగతిలోకి నడిచొస్తే బయటికి గెంటాను.

పరీక్షకు ముందే అతను పోయాడు. దినాలయ్యాక ఆ పిల్ల బడికొచ్చి, ఎవరూ అడగకుండానే నోటు పుస్తకం నా బల్ల మీద పెట్టింది. అరవై చేపలు, ఐదుగురు, ఒక్కొక్కరికి పన్నెండు. ఎక్కడా కొట్టివేత లేదు.

"ఇప్పుడు సరిగ్గా వొచ్చిందా మేస్టారూ?"

వచ్చిందమ్మా అన్నాను. వాళ్ల నాన్న బతికుండగా ఆ పది పక్కన ఒక్కసారైనా టిక్కు పెట్టాల్సింది. పెట్టలేదు.