చార్టర్ స్కూల్ చుట్టి వచ్చిన నా దోశ

నా స్నేహితురాలంటే నాకు కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

ఇద్దరం మొగుళ్ళ వెంట డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చి, ఇంట్లో కూర్చుని కూర్చుని విసిగిపోయి, వర్క్ పర్మిట్లు రాగానే టీచర్ సర్టిఫికేషన్ పరీక్షకి కలిసి చదివినవాళ్ళం. ఆమెది నిజామాబాద్, నాది ఏలూరు. టెక్సస్‌లోని కాపెల్‌లో మా ఇళ్ళ మధ్య ఒక్క వీధి దూరం. పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇది ఇక్కడ అవసరం లేని సంగతే, అయినా చెప్పకుండా ఉండలేను.

పక్క ఊళ్ళో పబ్లిక్ స్కూల్లో, అంటే ఇక్కడి సర్కారు బడిలో, నేను ఐదో తరగతికి లెక్కల టీచర్నయ్యాను. ఆమె ఒక చార్టర్ స్కూల్లో అదే తరగతికి అవే లెక్కలు చెప్పే టీచరైంది. చార్టర్ స్కూల్ కూడా ప్రభుత్వ సొమ్ముతో నడిచేదే, పిల్లలకి ఫీజు ఉండదు. కాకపోతే మా బళ్ళన్నిటినీ నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ పెత్తనం దాని మీద సాగదు. కొత్త పద్ధతులు అక్కడ పుట్టి మాలాంటి బళ్ళకి నడిచి వస్తాయని పెద్దల ఆశ. ఎలా నడిచి వస్తాయో నా కళ్ళారా చూశాను.

మా దగ్గర పేసింగ్ క్యాలెండర్ అని ఒకటుంటుంది. ఏ రోజు ఏ పాఠమో అందులో రాసి ఉంటుంది, డిస్ట్రిక్ట్‌లో ఉన్న ఐదో తరగతులన్నీ దాని వెంటే నడవాలి. ఆ సంవత్సరం నా క్లాసులో ఒక పిల్ల ఉండేది. జవాబు రాసేది, తప్పేమోనని చెరిపేది, మళ్ళీ రాసేది, కాగితం చిరిగేదాకా చెరిపేది. నోరు మాత్రం విప్పేది కాదు. ఒకరోజు పక్కన కూర్చుని మా ఇంటి సంగతి చెప్పాను. మొదటి దోశ ఎప్పుడూ పెనానికి అంటుకుంటుంది, దానికి ఎవరూ ఎవర్నీ తిట్టరు, పెనం కాలలేదా, నూనె సరిపోలేదా అని చూసుకుని రెండోది వేస్తాం అని. ఆ పిల్ల నా మొహంలోకి చూడడం అదే మొదలు.

మర్నాటి నుంచి క్లాసు మొదట్లో పది నిమిషాలు దానికే కేటాయించాను. పిల్లల కాగితాల్లోంచి, పేరు చెప్పకుండా, ఒక మంచి తప్పు ఏరి బోర్డు మీద వేసేదాన్ని. ఎక్కడ అంటుకుందో పిల్లలే కనిపెట్టాలి. దానికి 'ఫస్ట్ దోశ' అని పేరు పెట్టాం. నెల తిరక్కుండానే ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి, "మిస్, ఇవాళ నాది వెయ్యరా?" అని అడిగింది. ఆ రోజు నాకు జీతం ఇవ్వకపోయినా ఊరుకునేదాన్ని.

తర్వాత డిస్ట్రిక్ట్ నుంచి ఇన్‌స్ట్రక్షనల్ కోచ్ వచ్చింది. టీచర్లకి పాఠాలు చెప్పే విధానం నేర్పే ఉద్యోగం ఆవిడది. బోర్డు చూసింది, తన ట్యాబ్లెట్ చూసుకుంది. ఇది క్యాలెండర్‌లో లేదు, మీరు ఒక పాఠం వెనకపడ్డారు, పైగా తప్పు జవాబులు గోడకి ఎక్కించడం పిల్లలకి మంచిది కాదు, తీసెయ్యండి అంది. తీసేశాను. ఆ పిల్ల మళ్ళీ రబ్బరు పట్టుకుంది. వేసవి సెలవులు రాగానే మిడిల్ స్కూల్‌కి వెళ్ళిపోయింది.

ఈ బాధంతా నా స్నేహితురాలి దగ్గర వెళ్ళగక్కాను. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటూ చెప్పాను. చేతిలో కాయ అలాగే పట్టుకుని, "మస్తుందే ఐడియా! నేను జెయ్యాల్నా?" అంది. చెయ్యమన్నాను. అప్పటికి నాలో ఇంకా మంచితనం ఉంది.

బడి తెరవగానే ఆమె తన ప్రిన్సిపాల్‌ని అడిగింది. ఆయన 'ట్రై చెయ్యి' అన్నాడట. అంతే, ఇంకో మాట లేదు. నా కడుపుమంట సరిగ్గా అక్కడ అంటుకుంది.

ఆ తర్వాత వినాలి దాని వైభోగం. పిల్లలకి చిన్న చిన్న ఏప్రన్లు. తప్పు కనిపెట్టినవాళ్ళకి అట్లకాడ చేతికిచ్చి ఊపించడం. వేరే ఊళ్ళ నుంచి చూసిపోవడానికి మనుషులు. స్కూల్ వాళ్ళు తీసిన వీడియోలో మా నేస్తం పట్టుచీర కట్టుకుని, పెనం పట్టుకుని నవ్వుతోంది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు మనవాళ్ళు. మా ఆయన ఆ వీడియో చూసి, "భలే ఉందే, నువ్వు కూడా ఇలాంటిదేదైనా ట్రై చెయ్యొచ్చు కదా" అన్నాడు. ఆ పూట ఆయన కూర లేకుండా తిన్నాడు.

మరుసటి ఆగస్టులో మాకు ట్రైనింగ్. అదే కోచ్, అదే ట్యాబ్లెట్. స్క్రీన్ మీద పేద్ద దోశ బొమ్మ. పక్కనున్న చార్టర్ స్కూల్లో అద్భుతమైన ఇన్నొవేషన్ జరుగుతోంది, మనమూ నేర్చుకుందాం అని మొదలుపెట్టింది. దోశ అంటే సౌత్ ఇండియాలో బియ్యం, మినప్పప్పు రుబ్బి పోసే పల్చటి పాన్‌కేక్ అని అందరికీ విడమరిచి చెప్పి, నావైపు తిరిగి, "మీరు ఎప్పుడైనా తిన్నారా?" అంది.

తాతకి దగ్గులు నేర్పడం వినడమే కాని చూడడం అదే మొదలు. మాట గొంతు దాకా వచ్చింది. అది నాది, నువ్వే తీయించావు అనాలి. అంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఆవిడ మొహం మాడుతుంది, ఆ మాడిన మొహంతో ఇంకేదైనా పాన్‌కేక్ వెతుక్కుంటుంది, ఇది మళ్ళీ నా క్లాసుకి రాదు. నా పేరు కావాలో నా పాఠం కావాలో అక్కడికక్కడే తేల్చుకోవాలి.

"తిన్నాను, బాగుంటుంది" అన్నాను.

పాఠం తిరిగి వచ్చింది. క్యాలెండర్‌లోనే వచ్చింది, మంగళవారం మంగళవారం. తప్పులు కూడా డిస్ట్రిక్ట్ వాళ్ళే ప్రింట్ చేసి పంపారు, అన్ని బళ్ళకీ ఒకే తప్పు. నా పిల్లలెవరూ చెయ్యని తప్పు. దాన్ని బోర్డుకి అంటించి, ఎక్కడ పొరపాటు జరిగిందని అడిగితే, వాళ్ళు కిటికీలోంచి బస్సులు చూశారు.

ఆ సాయంత్రం పార్కింగ్‌లో కార్లో కూర్చుని ఆమెకి ఫోన్ చేశాను. పోట్లాడటానికే చేశాను.

"అంత వీడియో చేశారు కదే, ఒక్క ముక్క నా పేరు చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"చెప్పిననే, ఒట్టు! ఫస్ట్ మాటే నీ గురించి. వాళ్ళు ఎడిటింగ్‌ల తీసేసిన్రు. నీకు చెప్తే ఇంకింత బాధ పడతవని ఊకున్న."

అబద్ధం చెప్పడం ఆమెకి రాదు. ఆమె తప్పు లేదని తేలిపోయింది కదా, మంట చల్లారాలి. చల్లారలేదు సరికదా, పెరిగింది. అన్నాళ్ళూ నా పేరు ఎత్తుకుపోయిందని ఏడ్చాను. నాకు కావలసింది పేరు కాదు, వాళ్ళ ప్రిన్సిపాల్ అన్న 'ట్రై చెయ్యి' అనే ఆ రెండు మాటలు. అవి నాతో మా బళ్ళో ఎవరూ అనలేదు.

"ఇంతకీ నేను దోశ బంద్ జేసిన" అంది ఆమె. "పిల్లలకి బోర్ గొట్టింది. మా సార్ కొత్తది ట్రై చెయ్యమంటున్నడు. నీ దగ్గర ఏమన్న ఉందా?"

ఎంత ధైర్యం! ఉంది నా దగ్గర. వేసవంతా నలిపి నలిపి తయారుచేసుకున్నది. పిల్లలే ప్రశ్నపత్రం రాసి టీచర్‌కి పరీక్ష పెట్టాలి, టీచర్ బోర్డు దగ్గర నిలబడి, ఆలోచన పైకి చెప్తూ, తడబడుతూ, వాళ్ళ ముందే చెయ్యాలి. దాచుకుందామనుకున్నాను. దాచి ఏం చెయ్యను? సోమవారం నుంచి శుక్రవారం దాకా క్యాలెండర్ నిండి ఉంది. నా దగ్గరే ఉంటే అది నాతోనే పోతుంది.

పళ్ళు కొరుక్కుంటూనే మొత్తం చెప్పాను. అటువైపు పెన్ను గీస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

"సూపర్ ఉందే" అంది. "ఈసారి నీ పేరు పక్కా ఏపిస్త, చూడు."

"పేరొద్దు, ఏమొద్దు. త్వరగా హిట్ చెయ్యి చాలు" అన్నాను. "వచ్చే ఆగస్టుకల్లా మా కోచ్ వచ్చి నాకు నేర్పాలి."