ఒకరి తాపీ పడ్డ గోడ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ కామాటిపురాలో కాపురం చేసినవాళ్ళు కాదు. చేసి ఉంటే, వరస గదుల చాల్‌లోని ఒంటిగదిలో ఒక మరుగుదొడ్డి కట్టి చూడు అని ఊరుకునేవాళ్ళు. మిగతా రెండు కష్టాలూ అందులోనే వచ్చిపడేవి.

గంగాబాయి గదిలో గణపతి పండుగకు ముందు తవ్విన గొయ్యి, దీపావళి దాటినా గొయ్యిగానే ఉంది. స్నానానికీ గిన్నెలు తోముకోవడానికీ ఉన్న చిన్న మోరీని పగలగొట్టి తవ్వారు దాన్ని. చుట్టూ మూడు వైపులా మోకాలెత్తు గోడ లేచి ఆగిపోయింది. మధ్యలో గటర్‌లోకి పోయే గొట్టం నోరు తెరుచుకుని ఉంది. దానిమీద గంగాబాయి చెక్క పెట్టి, చెక్కమీద రాయి పెట్టింది. బొద్దింకలకు చెక్కా అడ్డం కాదు, రాయీ అడ్డం కాదు. ఇక వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వాసనలోనే ఆమె పొద్దున్నే కూర్చుని, ఫోరస్ రోడ్డులోని భోజనశాలకు జొన్నరొట్టెలు చేసి పంపేది. పిండి పిసుకుతూ, ఇంత రోత నా జన్మలో చూడలేదు అనుకునేది, కామాటిపురాలో పుట్టి పెరిగిన మనిషి.

ఆ మరుగుదొడ్డి కావలసింది ఆమె మొగుడు భూమయ్యకు. పోయిన వానాకాలంలో అతనికి లకువా కొట్టి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది. చాల్ మొత్తానికి ఉన్న దొడ్లు పెరటి చివర ఉన్నాయి. నాచు పట్టిన మెట్లు దిగాలి, వరసలో నిలబడాలి. రెండుసార్లు పడ్డాక పోవడం మానేశాడు. గదిలోనే పాత చీర అడ్డం కట్టి, ప్లాస్టిక్ గిన్నె పెట్టింది గంగాబాయి. ఆ గిన్నెను కొంగు కింద దాచుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ ముందునుంచే పట్టుకుపోయేది. ఆమెకు అసహ్యం లేదు, మొగుడే కదా. అతనికే ఉంది. ఆ పని అయ్యాక గోడవైపు తిరిగి పడుకుని, ఆ పూట ఆమెతో మాట్లాడేవాడు కాదు. తర్వాత తర్వాత ఆ అవసరమే రాకూడదని అన్నం తగ్గించాడు, నీళ్ళు తగ్గించాడు. మనిషి ఎండుకుపోయాడు.

చోద్యం ఏమిటంటే భూమయ్య మేస్త్రి. తాతల కాలంనుంచి వాళ్ళది ఈ నగరానికి రాళ్ళు మోసిన వంశం. గంగాబాయి అతని కిందే మాల్ మోసింది. సిమెంటూ ఇసుకా కలిపిన ఆ తట్టలతో ఆమె ఎక్కని మేడ లేదు. సముద్రం కనిపించే బాత్రూములు ఎన్నో కట్టారు ఇద్దరూ కలిసి. గోడలకు అద్దాల్లాంటి పలకలు, బంగారు రంగు కుళాయిలు. పని అవుతున్నన్నాళ్ళూ ఆ ఇళ్ళవాళ్ళు పనివాళ్ళను కింద వీధి చివరికి పోయి రమ్మనేవాళ్ళు. ఆ మాట గుర్తొస్తే గంగాబాయికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొడుకు అతుల్ కొరియర్ ఆఫీసులో పనిచేస్తాడు. ముందు వాడే ఫోనులో చూసి ఒక కంపెనీ మనిషిని పిలిపించాడు. ఆ పెద్దమనిషి బూట్లతోనే లోపలికి వచ్చాడు. గోడకేసి ఎర్ర దీపం కొట్టి కొలతలు తీశాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఇల్లంతా చేయించుకుంటే వస్తాం గానీ ఇంత చిన్న పనికి రాము అని హిందీలో చెప్పి పోయాడు.

"ఇల్లంత అంటే ఇదే గదరా! ఇంకేడ దాచిపెట్టినమని చూసిండు?" అంది గంగాబాయి.

అప్పుడు వచ్చాడు బంటీ. భూమయ్యతో కలిసి జీవితమంతా తాపీ పట్టిన మేస్త్రి కొడుకు వాడు. తండ్రి పోయాక కాంట్రాక్టర్ అయ్యాడు. చేతిలో రెండు ఫోన్లు, కింద బుల్లెట్ బండి, దాదర్‌లో ఏదో తెలుగువాళ్ళ సభలో శాలువా కప్పించుకున్న ఫోటో. వస్తూనే భూమయ్య కాళ్ళకు మొక్కాడు.

"కాకా, నువ్వు నా బాపు లెక్క. నేను నీకు టాయిలెట్ కడ్తలేను, మా బాపుకు కడ్తున్న. టెన్షన్ నక్కో."

భూమయ్య కళ్ళు చెమర్చాయి. "మనోడు గంగా. మన మేస్త్రి కొడుకు" అన్నాడు. ఆ ఒక్క ముక్కకే కొంప మునిగింది. బయటివాడైతే నాలుగుచోట్ల విచారించేవాళ్ళు. మనవాడు కాబట్టి అడిగినంతా ముందే చేతిలో పెట్టారు. గోడకు కొట్టిన సున్నం తిరిగొస్తుందా? పని మొదలుపెట్టిన రోజు తాపీకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పనివాళ్ళకు పూర్ణం పెట్టిన పోలెలు చేసి పెట్టింది గంగాబాయి. బంటీ పోలెలు కట్టించుకుని మరీ పోయాడు. తవ్వారు, మోకాలెత్తు లేపారు, అంతే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య.

ఫోను చేస్తే "ఉద్యా కాకూ, పక్కా ఉద్యా" అనేవాడు. ఉద్యా అంటే మరాఠీలో రేపు. బంటీ పంచాంగంలో అది లేని తిథి. ఒకసారి ఇసుక రాలేదన్నాడు, ఒకసారి మనుషులు ఊరికి పోయారన్నాడు. ఒకసారి వాళ్ళ ఆజీ చచ్చిపోయిందన్నాడు. ఆ ముసలమ్మ శవాన్ని సాగనంపినవాళ్ళలో గంగాబాయి కూడా ఉంది, వాడు నిక్కరు వేసుకునే రోజుల్లో. మరోసారి ఫోనులోనే హితబోధ చేశాడు. "చాల్ కూలగొట్టి టవర్ కడ్తరు కాకూ, మీకు పెద్ద ఫ్లాట్ ఇస్తరు, ఇప్పుడెందుకు తొందర?" టవర్ మాట ఆమె పెళ్ళినాటినుంచి వింటూనే ఉంది. ఆ టవర్ లేచేదాకా మనిషి ఆపుకుని కూర్చోవాలా?

వర్లిలో పని చేయిస్తున్నాడని ఎవరో చెబితే బస్సెక్కి పోయింది. అక్కడి చాల్‌లో బంటీ లేడు. వాడు విప్పి వదిలేసిన ఇంటి కప్పు ఉంది. దానికింద నీలం టార్పాలిన్ పట్టా కట్టుకుని మయూరి అనే పిల్ల వంట చేసుకుంటోంది.

"నీకు గొయ్యేనా అత్తా? నాకు ఆకాశమే ఇచ్చిండు" అంది ఆ పిల్ల. ఇద్దరూ కలిసి వాడి ఏడు తరాలనూ కడిగి ఆరేశారు. మనసు తేలికైంది గానీ పని కాలేదు.

ఇక లాభం లేదని గంగాబాయి పొద్దున్నే నాకాకు పోయింది. పాలమూరునుంచి వచ్చిన కూలీలు పనికోసం నిలబడే కూడలి అది. అక్కడ ఆంజనేయులు అనే మేస్త్రినీ అతని భార్య భూదేవినీ అడిగింది. వాళ్ళు మాటకు నిలబడతారని రొట్టెలు తీసుకునే భోజనశాల ఆయన చెప్పాడు. ఆంజనేయులు వచ్చి చూశాడు. మోకాలెత్తు గోడ చూడగానే మొహం మార్చుకున్నాడు.

"ఇది వేరే మేస్త్రి తాపీ పడ్డ గోడ అమ్మా. ఆయన ఇడిసిపెట్టిన అనేదాక మేం ముట్టం. రేపు ఏమన్నయితే మా మీదికొస్తది. నాకాల నలుగురు నవ్వుతరు."

గంగాబాయి బతిమాలబోయింది. మంచం మీదినుంచి భూమయ్యే అడ్డం పడ్డాడు.

"ఆయన చెప్పింది సహీ ఉన్నది. నా జిందగీల వేరేటోని గోడ మీద ఇటుక పెట్టలే. ఇప్పుడు నా ఇంట్లనే పెట్టిస్తనా? బంటీ నోటితోని వదిలిపెట్టాలె."

అదీ మేస్త్రుల కట్టుబాటు. ఒకడు చెయ్యి పెట్టిన పనిలో ఇంకొకడు చెయ్యి పెట్టకూడదు. నోటికాడి కూడు లాక్కోకూడదని పెద్దలు పెట్టుకున్న మర్యాద. మంచివాళ్ళ మధ్య అది మంచిదే. బంటీకి మాత్రం అదే తాళం చెవి అయింది. వాడు రాడు, వదలడు. వదలకపోతే ఇంకెవరూ రారని వాడికి తెలుసు, వాడూ మేస్త్రి కొడుకే కదా.

ఆంజనేయులు వెళ్ళిపోయాక గంగాబాయి మొగుడిమీద విరుచుకుపడింది. "నీ నియమం నువ్వు పట్టుకున్నవ్. వాని నియమం ఏడ వోయింది? వానికి మర్యాద, నాకు గిన్నె!"

భూమయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట గంగాబాయికి మొదటిసారి మొగుడంటే కూడా రోత పుట్టింది. వెంటనే తనమీద తనకే సిగ్గేసింది. అయినా ఆ రోత తగ్గలేదు.

మర్నాడు మళ్ళీ నాకాకు పోయి ఆంజనేయులు ముందు నిలబడింది.

"ఆడ గోడనే లేదనుకో. అప్పుడొస్తవా?"

అతను భార్యవైపు చూశాడు. "గోడ లేకుంటే ఏమున్నదమ్మా, కొత్త పనే గద" అంది భూదేవి.

గంగాబాయి ఇంకో మాట వినలేదు. ఇంటికొచ్చి మంచం కింది సంచిలోంచి భూమయ్య సుత్తి తీసి, కొంగు నడుముకు బిగించింది.

"ముట్టకు! మేస్త్రి పని అది, ముట్టకే!" అని భూమయ్య మంచంమీదినుంచి లేవబోయి పడ్డంత పని చేశాడు.

ఆమె ఒక్క దెబ్బ వేసింది. రెండో దెబ్బ అవసరం లేకపోయింది. ఒక ఇటుకతోపాటు పక్కవన్నీ జారి పడ్డాయి. సుత్తి పక్కన పడేసి చేత్తోనే లాగసాగింది. సగం కాలిన ఇటుకలు చేతిలోనే పొడి అవుతున్నాయి. ఇటుకల మధ్య సిమెంటు ఉండవలసినచోట గుట్కా పొట్లాలు, థర్మకోల్ ముక్కలు, నూనె ఓడే వడాపావ్ కాగితాలు కుక్కి ఉన్నాయి. గంగాబాయి ఒక్కొక్కటే తీసి భూమయ్యకు కనబడేట్టు నేలమీద పెట్టింది.

భూమయ్య ఎడమచెయ్యి చాచాడు. ఆమె ఇటుకకు అంటిన మాల్ పెడ్డ ఒకటి ఇచ్చింది. వేళ్ళతో నలిపాడు, ఇసుక రాలింది. కొంచెం నాలుకమీద వేసుకున్నాడు. ఉప్పగా ఉంది, సముద్రపు ఇసుక. థూ అని ఉమ్మాడు. ఉమ్మినా పోనట్టు మళ్ళీ ఉమ్మాడు. అతని మొహంలో అంత అసహ్యం గంగాబాయి ఎన్నడూ చూడలేదు, ఆ గిన్నె విషయంలో కూడా.

"ఇది మేస్త్రి పనే గాదు గంగా" అన్నాడు. "ఇన్ని దినాలు ఎవనికి మర్యాద ఇచ్చిన్నే నేను? ఈనికోసమా నీతోని గిన్నె మోయించింది?" ఎడమచెయ్యి ఎత్తి మూలకేసి చూపించాడు. "ఆ మూలది గూడ కొట్టు. ఒక్క ఇటుక మిగలొద్దు."

ఆంజనేయులూ భూదేవీ మర్నాడు అన్న వేళకు వచ్చారు. అదే ఒక వింతలా తోచింది గంగాబాయికి. చెత్తను బస్తాలకెత్తి వాకిట్లో పెట్టారు. కొత్తగా తవ్వి, గొట్టం సరిచేసి, గోడ మొదలుపెట్టారు. భూమయ్య మంచంమీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. గోడ నడుమెత్తు లేచేసరికి బయట బుల్లెట్ చప్పుడు వినబడింది. ఇన్నాళ్ళూ ఎంత పిలిచినా రాని మనిషి, ఇంకొకడు పని చేస్తున్నాడని తెలిసేసరికి పిలవకుండానే ఊడిపడ్డాడు.

"ఎవడ్రా నా పనిల చెయ్యి పెట్టింది? కాకా, నేను ఉద్యా వస్తుంటి గద! నువ్వు మేస్త్రివి, నీకు తెల్వదా? ఏ ఆంజనేయులూ, రేపటిసంది నాకాల ఎట్ల నిలబడ్తవో చూస్త!"

ఆంజనేయులు చేతిలో తాపీ ఆగిపోయింది. భూదేవి తట్ట కింద పెట్టింది. వీళ్ళు కూడా పోతే ఇక ఆ గిన్నే గతి, ఈ మనిషి బతికినన్నాళ్ళూ.

భూమయ్య గోడ పట్టుకుని ఎడమకాలిమీద లేచి నిలబడ్డాడు.

"నీ పనా బిడ్డా? ఏడున్నదో చూపియ్యి."

బంటీ గది అంతా చూశాడు. పాత గోడ ఆనవాలు కూడా లేదు.

"ఆ బస్తాలల్ల ఉన్నది, మోసుకపో" అన్నాడు భూమయ్య, ముద్దగా వచ్చే మాటను కూడదీసుకుంటూ. "ఒకరి తాపీ పడ్డ గోడను నేను ఎన్నడు ముట్టలే. నీ గోడ మీద తాపీ పడలే, నువ్వు తిన్న కాగితం పడ్డది. మీ బాపు ఉంటే నీ చేతులిరగ్గొడ్తుండె. ఆంజనేయులూ, ఇది నా ఇల్లు, నేను మేస్త్రిని, నేను చెప్తున్న. నాకాల ఎవరన్న అడిగితే నా పేరు చెప్పు. కట్టు."

ఆంజనేయులు మాల్ తీసుకుని గోడమీద పరిచాడు. బంటీ ఫోను చెవికి పెట్టుకుని, ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నట్టు నటిస్తూ వెళ్ళిపోయాడు. బస్తాలు మాత్రం మోసుకుపోలేదు. వాటిని కూడా భూదేవీ గంగాబాయే పారేశారు.

గోడలు ఆరాక, తలుపు పెట్టాక, ఒక పొద్దున భూమయ్య ఆమె భుజం పట్టుకుని అక్కడిదాకా నడిచాడు. గుమ్మం దగ్గర ఆమె చెయ్యి విడిపించుకుని లోపలికి పోయాడు. గొళ్ళెం పెట్టిన చప్పుడైంది. గంగాబాయి పొయ్యి ముందు కూర్చుని రొట్టె తట్టింది. ఒకటి కాలింది, రెండోది కాలింది, అతను రాలేదు. పడ్డాడేమోనని గాభరాగా పోయి తలుపు కొట్టింది.

"ఏమయ్యా? ఏమయింది? పడ్డవా?"

"ఏం గాలే" అన్నాడు లోపలినుంచి. "అయిపోయింది ఎప్పుడో. ఊకెనే కూసున్న. ఎవ్వలు చూస్తలేరు గదా, జెర కూసోనీ."