బరువు లేని పరుపు

పాశమైలారంలో నేను పనిచేసిన మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో ఒక అన్న ఉండేవాడు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు అరచేతిలో ఎగరేసి చూసి, "గింత బరువెందుకురా?" అనేవాడు. కొండలెక్కడం అతని పిచ్చి. ట్రెక్కింగ్ సామాను కొనే స్తోమత లేక బియ్యం సంచితో బ్యాగు కుట్టుకున్నాడు. బరువు తగ్గాలని టూత్‌బ్రష్ పిడి కూడా సగం కోసేశాడు.

మొదటిసారి నన్ను తీసుకెళ్లినప్పుడు నా దుప్పటిని పటాన్‌చెరు బస్టాండు చాయ్ కొట్టులోనే వదిలేయించాడు. రాత్రి కొండమీద నేను చలికి వణుకుతుంటే, మాతో వచ్చినవాళ్లందరికంటే గట్టిగా నవ్వాడు.

రెండోసారి వెళ్లేముందు, కింద పరుచుకోవడానికని ఫ్యాక్టరీలో ఖాళీ అయిన మందుపొడి డ్రమ్ములోంచి లోపలి ప్లాస్టిక్ కవరు లాగాడు. స్టోర్స్ చూసేది నేనే.

"గిది దేనిది తమ్మీ?"

ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే పొడిదని నాకు తెలుసు. "ఉప్పుదే అన్నా, కడిగితే అయిపోతది" అన్నాను.

కొండమీద తెల్లారేసరికి అతని వీపంతా బొబ్బలు. బ్యాగు తగిలించుకోలేకపోతే దిగేటప్పుడు నేనే మోశాను. నొప్పికి వంగి నడుస్తూ కూడా మురిపెంగా అడిగాడు: "ఎట్లున్నది తమ్మీ, బరువున్నదా?"

"అస్సలు లేదన్నా."

ఆ ప్రయాణంలో అతనికి నేను చెప్పిన నిజం అదొక్కటే.