బండికి పొద్దున్నే చెంబెడు నీళ్లు

పాప బట్టల బుట్టలో పానా దొరికిన రోజు మా ఆయనతో గట్టిగానే మాట్లాడాను. ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టిన మెత్తటి గుడ్డల మధ్య, జిడ్డు కారుతూ హాయిగా పడుకుని ఉంది.

"ఇదేంది?" అన్నాను.

"పద్నాలుగు నంబరు పానా. పొద్దుగాల నుంచి దేవులాడుతున్న. దొరికిందా?" అని నవ్వుతూ చెయ్యి చాపాడు.

మా ఇంటి ముందు ఒక డీసీఎం ఉంటుంది. ఎవరో వాడి అమ్మితే కొన్న లారీ. కొత్తూరులో ఒక మందుల కంపెనీ ఉంది. అక్కడి పెట్టెలు ఎక్కించుకుని ఎయిర్‌పోర్టు కార్గో గేటుకు చేర్చడం మా ఆయన పని. శంషాబాద్ శివారు కాలనీలో ఉంటాం. విమానాలు మా మిద్దె మీద బట్టలు ఆరేసే తీగను తాకుతాయేమో అన్నంత కిందుగా పోతాయి. పాప ఆ మోతకు కదలదు కానీ, వంటింట్లో పోపుల డబ్బా మూత తీస్తే లేస్తుంది. అందుకే ఈ కథ కూడా పాప పడుకున్నాక, ఫ్యాను చప్పుడులో రాస్తున్నాను.

బండికి ఏ రోగం వచ్చినా మా ఆయన తానే వైద్యం చేసుకుంటాడు. ఇంజన్ ఆయిలు మార్చడం, ఫిల్టర్లు బిగించడం, గ్రీసు కొట్టడం, బెల్టు వేయడం అన్నీ ఇంటి ముందే. క్యాబిన్ ముందుకు వంచితే బండి మా గడపకు దండం పెడుతున్నట్టు ఉంటుంది. కింద నుంచి రెండు కాళ్లు మాత్రం కనిపిస్తాయి. అన్నానికి పిలిస్తే ఆ కాళ్లే "వస్తున్న" అంటాయి, రావు.

"మెకానిక్ తాన ఇయ్యరాదా? అందరూ అట్లనే చేస్తరు కదా" అని నేను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

"షెడ్డుకు తోలితే బండి ఆయనది అయితది, నేను బెంచి మీద కూసునేటోన్ని అయిత. మా బాపు ట్రాక్టర్‌ను ఎన్నడన్న షెడ్డుకు తోల్కపోయిండా?"

నిజమే, మామయ్య ఉన్నన్నాళ్లూ ట్రాక్టర్ పనంతా పొలం గట్టు మీదే చేసుకున్నాడట. కానీ ట్రాక్టర్ చేను దాటేది కాదు. ఈ బండి బెంగళూరు రోడ్డు మీద, బస్సుల మధ్య పోతుంది. నాకేమో పడుకున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే అలవాటు. ఆయన బండి తీసిన ప్రతిసారీ మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చప్పుడు వింటాను. చప్పుడు మారిందనిపిస్తే ఫోన్ చేస్తాను. "చదివింది బీకాం, చేసేది ఇంజన్ పరీక్షలు" అని ఆయన వెక్కిరింపు.

పాప పుట్టాక ఒక ఒప్పందానికి వచ్చాం. బ్రేకులు, స్టీరింగు, చక్రాలు మెకానిక్‌వి. మిగతావన్నీ ఆయనవి. పాప తల మీద చెయ్యి పెట్టించి మరీ ఒట్టేయించుకున్నాను. మెకానిక్ అంటే పహాడీ షరీఫ్ దగ్గర షెడ్డున్న చాచా. మా ఆయన పనితనాన్ని తిట్టకుండా ఏ బోల్టూ విప్పడు.

ఎండలు ముదిరే ముందు బండి వేడెక్కడం మొదలుపెట్టింది. కొత్తూరులో పెట్టెలు ఎక్కించుకుని వస్తుంటే దారిలో ఎత్తు ఎక్కే దగ్గర వేడి చూపే మీటరు ముల్లు ఎర్ర గీత మీదికి పోతోంది. బండి పక్కన ఆపి, చల్లారేదాకా చెట్టు కింద కూర్చోవాల్సిందే. ఒకసారి అట్లా కూర్చునేసరికి పెట్టెలు విమానానికి అందలేదు. కంపెనీలో లోడు పంపే ఆయన మంచివాడే. మర్యాదగానే చెప్పాడట, "అన్నా, ఇంకొక్కపారి ఆగితే నేను వేరే బండిని పిలుస్త, ఏమనుకోకు" అని.

ఆ కిరాయి ఒక్కటే మాకు రోజూ దొరికేది. అది పోతే మా ఆయన దూరం లోడ్లకు పోవాలి, రోజుల తరబడి ఇంటికి రాకుండా. నా ప్రాణానికి ఆ ఎర్ర గీత ఇంట్లో గోడ మీద గీసినట్టయింది.

ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ ఎవరి వంతు అన్న గొడవ అప్పుడొచ్చింది.

"ఇది బ్రేకా? స్టీరింగా? చక్రమా?" అన్నాడు.

"ఆగిపోతుంది కదా, బ్రేకే అనుకో" అన్నాను.

వినలేదు. బెల్టు బిగించాడు. లోపల వేడిని బట్టి నీళ్లను ఆపి వదిలే వాల్వు ఒకటి ఉంటుందట, అదీ మార్చాడు. రేడియేటర్ జాలికి పట్టిన దుమ్మును పైపు పెట్టి కడిగాడు. ఒక రోజు బాగానే ఉన్నట్టుండేది, మర్నాడు మళ్లీ చెట్టు కింద నుంచే ఫోన్.

చివరికి చాచాకు చూపించాడు. ఆయన మూత తీసి, లోపల వేలు పెట్టి, "అరే భాయ్, గిది జామ్ అయింది. నాకు ఇచ్చిపో, మొత్తం విప్పి సాఫ్ చెయ్యాలె. జర టైం పడ్తది, నాలుగైదు రోజులు" అన్నాడట. బండిని అన్ని రోజులు షెడ్డులో పెడితే ఆ లోగా కిరాయి వేరేవాళ్లకు పోతుంది. మా ఆయన మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

మర్నాడు పొద్దున పాప పాలసీసాలు ఉడకబెట్టే గిన్నె తోముతున్నాను. బోరు నీళ్లు కాచీ కాచీ ఆ గిన్నెకు లోపల సున్నం వేసినట్టు తెల్లటి పొర కట్టింది. దానికి నా మందు నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో పులిహోరకు, షర్బత్‌కు అమ్మే తెల్లటి పలుకులు. కొంచెం వేసి మరిగిస్తే పొర ఊడిపోతుంది. గిన్నె తోముతూ కిటికీలోంచి చూశాను. బయట అత్తమ్మ చెంబుతో బండికి నీళ్లు పోస్తోంది.

ఇది మా ఇంటి ఆచారం. మామయ్య వాళ్లింట్లో ఎద్దులుండేవి. పొద్దున్నే ఎద్దులకు నీళ్లు పట్టకుండా ఇంట్లో ఎవరూ నోట్లో చుక్క పోసుకునేవారు కాదు. ఎద్దులు పోయి ట్రాక్టర్ వస్తే ట్రాక్టర్‌కు, ట్రాక్టర్ పోయి డీసీఎం వస్తే డీసీఎంకు. అత్తమ్మ స్నానం చేసి, బోరు కింద చెంబు నింపి, రేడియేటర్ మూత తీయించి, ఆ నీళ్లు తన చేత్తో పోస్తేనే మా ఆయనకు చాయ్. వెలితి లేకపోతే పొర్లి కింద పోతాయి, అయినా పోయాల్సిందే.

చేతిలో గిన్నెతోనే బయటికి పరిగెత్తాను. మూత తీసిన చోట, అంచు చుట్టూ లోపలికి, నా గిన్నెలో ఉన్న పొరే.

"ఇది చూడు, అది చూడు" అన్నాను గిన్నె ఆయన ముఖం ముందు పెట్టి.

"ఇంజన్, పాలసీసాల గిన్నె ఒక్కటేనా ఏందే?"

"నీళ్లు ఒక్కటే కదా!"

ఆయన గిన్నెలోకి చూశాడు, రేడియేటర్‌లోకి చూశాడు. తర్వాత వాళ్లమ్మ వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. మామయ్య కాలంలో అవి చేలో బావి నీళ్లు. ఇక్కడ కాలనీలో ఎంతో లోతుకు వేసిన బోరు. ఆ నీళ్లతో సబ్బు నురగ కూడా రాదు.

చాచాకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. నిమ్మ ఉప్పు మాట నేనే అడిగాను. ఆయన కాసేపు దగ్గి, నవ్వి, "సహీ బాత్ చెల్లె, కొందరు గట్ల చేస్తరు. కానీ ఇంట్ల చెయ్యనియ్యకు నీ మొగుణ్ని. పొర ఊడినంక పాత పైపులు కారుతయ్. బండి నా తాన పట్టుకరమ్మను. చెయ్యి ఆయనదే, కన్ను నాది. మంచిదేనా?" అన్నాడు.

మా ఆయనకు ఇంతకన్నా మంచి బేరం ఏముంటుంది? ఆదివారం లోడు ఉండదు. పాపను అత్తమ్మకు అప్పజెప్పి నేనూ వెళ్లాను. చాచా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, మా ఆయన పనిచేశాడు. పాత నీళ్లు వదిలి, నిమ్మ ఉప్పు కలిపిన మంచినీళ్లు పోసి, ఇంజన్ కాసేపు నడిపి వదిలితే, మజ్జిగలో ఇటుక పొడి కలిపినట్టు మడ్డి బయటికొచ్చింది.

"చూసినవా, నీ ఇంజన్ ఏం తాగుతుందో?" అన్నాడు చాచా. "గీ క్లిప్పు ఎవడు బిగించిండు? గాడిద బిగించినట్టుంది."

"నేనే చాచా."

"నాకు ఎర్కనే."

ఆయన అన్నట్టే కింద పైపు కారింది. అది చాచాయే మార్చాడు, మా ఆయనను పక్కకు జరగమని. మళ్లీ మళ్లీ కడిగి, నీళ్లకు బదులు కూలెంటు పోసి, మూత బిగించి, "ఇగ బోరు నీళ్లు ఒక్క చుక్క పోసినా నా షెడ్డుకు రావొద్దు" అన్నాడు.

మిగిలింది అత్తమ్మకు చెప్పడం. ఆ సంగతి ఎత్తగానే మా ఆయనకు అర్జెంటుగా టైర్లలో గాలి చూసుకోవాలనిపించింది. నేనే చెప్పాను, నీళ్లలో ఉప్పుందని, తప్పు బోరుదని. అత్తమ్మ పాపను భుజం మీద జోకొడుతూ అంతా విన్నది.

"అంటే నేనే జామ్ చేసిన్నంటవ్."

"నువ్వు కాదత్తమ్మా, నీళ్లు."

"ఎద్దుకైతే ఉప్పు నీళ్లు పోస్తే తల తిప్పుకునేది. దీనికి గా తెలివి గూడ లేదు" అని లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం నేనూ బండెక్కాను. ముల్లును నా కళ్లతో చూడకపోతే నిద్రపట్టదు మరి. అత్తమ్మ పాపకు టోపీ పెట్టి నా ఒళ్లో కూర్చోబెట్టింది. కొత్తూరులో లోడు పంపే ఆయన మమ్మల్ని చూసి, "అన్నా, ఇయ్యాల సెక్యూరిటీని గూడ తెచ్చుకున్నవా?" అన్నాడు.

తిరుగు దారిలో ఎత్తు దగ్గరికి వచ్చేసరికి నాకు చెమటలు. ఎక్కడో గలగలమంది.

"ఆపు! ఏదో చప్పుడు."

"పాప చేతిల గిలక్కాయ. గది మెకానిక్ వంతా, నా వంతా?"

ముల్లు మధ్యలో నిలబడింది. ఎత్తు ఎక్కుతుంటే వెంట్రుకవాసి కదిలి మళ్లీ దాని చోటికే వచ్చింది. ఆయన ఎప్పుడూ ఆగే చెట్టు పక్క నుంచి వెనక్కి పోయింది. అది చింతచెట్టని నాకప్పుడే తెలిసింది. కార్గో గేటుకు ముందే నన్నూ పాపనూ చాయ్ హోటల్ దగ్గర దింపి లోపలికి వెళ్లాడు. ఖాళీ బండితో వచ్చి, కిటికీలోంచి "ఇంకా వేరే లోడ్లు రాకముందే మనది దింపిన" అన్నాడు. ఆ తర్వాత ఇంటిదాకా ఏం జరిగిందో నాకు తెలియదు. ఏ బండిలోనూ కన్ను మూయని నేను పాపతో పాటు పడుకున్నాను.

"మీటర్ చూస్తనని వచ్చినవా, పండనీకి వచ్చినవా?" అని ఆయన లేపేసరికి మా గడప ముందున్నాం.

ఇప్పటికీ పొద్దున అత్తమ్మ చెంబు తెస్తుంది. మొదట్లో మూత దగ్గర మా ఆయన అడ్డం నిలబడేవాడు. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఆమె ముందు చక్రం మీద పోసి, తడి చేత్తో దాని వీపు తట్టినట్టు క్యాబిన్ తట్టి వస్తుంది. అప్పుడే ఆయనకు చాయ్. బండి తీశాక నేను గుమ్మంలో నిలబడుతున్నాను, కానీ మలుపు దాకా ఆగడం లేదు. పాలసీసాలు పొయ్యి మీద ఉంటాయి కదా.