సౌండొచ్చే డబ్బా

మా ఇంట్లో గొడవ పడకుండా కొన్న వస్తువు ఒక్కటీ లేదు. మిక్సీ కొన్నప్పుడు నేనూ చెల్లెలూ కొన్నాళ్ళు మాట్లాడుకోలేదు. కూలర్ కొన్నప్పుడు బాపు అలిగి దాని ముందు కూర్చోనే లేదు, ఎండాకాలమంతా అరుగు మీదే పడుకున్నాడు. కానీ టీవీకి తగిలించే చిన్న డబ్బా ఒకటి మా ముగ్గురినీ అంతగా కుదిపేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ముగ్గురమంటే బాపు, నేను, చెల్లెలు. బాపు వరంగల్‌లో జంపఖానాలు నేసినవాడు. తర్వాత పవర్‌లూమ్ షెడ్డులో చేరి, ఆ మోతకు చెవులు పోగొట్టుకున్నాడు. పూర్తిగా కాదు. పక్కన కూర్చుని గట్టిగా చెబితే వింటాడు. ఇష్టం లేని మాటైతే అలా చెప్పినా వినడు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. చెల్లెలు బస్సు కండక్టర్. నెక్కొండ బస్సులో ముందు డోరు దగ్గర నిలబడి వెనక సీటువాడిని కడిగేయగల గొంతు దానిది. బాపు మారు అడగకుండా వినగలిగే గొంతు మా ఇంట్లో అదొక్కటే.

అమ్మ లేదు. చెల్లెలు పుట్టిన వారానికే పోయింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. చెల్లెలు చిన్నప్పుడు నా పక్కలో పడుకుని, "అక్కా, అమ్మ గొంతు ఎట్లుంటుండె?" అని అడిగేది. మంచిగుంటుండె అని ఊరుకునేదాన్ని. నిజానికి నాకు గుర్తులేదు. తలకు నూనె రాసేటప్పుడు నా చెవికి తగిలిన గాజులు గుర్తున్నాయి, చీర కొంగు గుర్తుంది. గొంతు మాత్రం ఎంత తవ్వుకున్నా దొరకదు. కాస్త పెద్దయ్యాక చెల్లెలు ఆ ప్రశ్న మానేసి ఇంకొకటి మొదలుపెట్టింది, "నేను పుడుతానని అమ్మ సంబరపడ్డదా?" అని. దానికి కారణం మా చుట్టాలే. నోటికి అడ్డూ ఆపూ లేనివాళ్ళు దాని ముందే 'తల్లిని మింగి పుట్టింది' అనేవాళ్ళు. అలా అన్న ఒకావిడ మీదికి నేను పెళ్ళి పందిట్లోనే మంచినీళ్ళ గ్లాసు విసిరాను. తగల్లేదు. ఆ బాధ నాకింకా ఉంది.

అమ్మ గొంతు మిగిలింది ఒక్కచోటే, మా మేనమామ పెళ్ళి క్యాసెట్లో. పరకాలలో జరిగిన ఆ పెళ్ళికి అమ్మ ఏడో నెల కడుపుతో వెళ్ళింది. మా వంతు క్యాసెట్ చేతికొచ్చేసరికి అమ్మ లేదు. బాపు టీవీ, క్యాసెట్లు ఆడించే వీసీపీ అద్దెకు తెచ్చాడు. ఆ రోజుల్లో ఎవరింటికైనా వీసీపీ వచ్చిందంటే వాడంతా వచ్చి కూర్చునేది, గడువు అయ్యేదాకా దానికి ఊపిరాడనిచ్చేవాళ్ళు కాదు. బాపు మాత్రం ముందు తానొక్కడే చూస్తానని తలుపు గొళ్ళెం పెట్టుకున్నాడు. మేమంతా అరుగు మీద కాచుకుని కూర్చున్నాం. కాసేపటికి తలుపు తీసి, "సౌండ్ ఖరాబైంది" అన్నాడు. అని, వీసీపీని నెత్తిన పెట్టుకుని దుకాణానికి వెళ్ళి ఇచ్చేసి వచ్చాడు. గడువు మిగిలుండగా వీసీపీ తిరిగిచ్చిన మనిషిని మా వాడ అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. క్యాసెట్ ఏమైందంటే ఎలుకలు కొరికాయనేవాడు. ఇంట్లో అంత దారం ఉండగా ఎలుకలు క్యాసెట్ జోలికెందుకు పోతాయో నాకు అర్థమయ్యేది కాదు.

మొన్న వేసవిలో పరకాలలో మామ భార్య, మా అత్తమ్మ, పెట్టె సర్దుతుంటే వాళ్ళ వంతు క్యాసెట్ బయటపడింది. చెల్లెలికి ఫోన్ చేసి, వచ్చి తీసుకపొమ్మంది. పెళ్ళి ముచ్చట్లేవైనా చెప్పమని అడిగితే మామకు గుర్తున్నదల్లా తన కొత్త చెప్పులు పోవడమొకటే. అత్తమ్మ అంతకన్నా నయం. "నేను తలకాయ దించుకోని కూసున్న బిడ్డా, మెడనొప్పి తప్ప నాకేం యాదికి లేదు" అంది.

చెల్లెలు ఆ క్యాసెట్‌ను హనుమకొండలో ఒక స్టూడియోకి ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. స్టూడియో అతను, "సౌండ్ మంచిగనే ఉన్నదక్కా. ఫోన్లకు సుత ఎక్కియ్యాల్నా?" అని అడిగాడట. వద్దంది. అమ్మ గొంతు మొదటిసారి వినడం అరచేతిలో, రెండు స్టాపుల మధ్య జరగకూడదని దాని పట్టుదల. ఇంట్లో, టీవీలో, ముగ్గురం కలిసి కూర్చుని వినాలి. అది పట్టుబట్టిందంటే ఇంకెవరి మాటా సాగదు.

మా టీవీ పాతది. వెనక పెన్‌డ్రైవ్ పెడితే బొమ్మ వచ్చింది. పందిరి, బాజా వాళ్ళు, మూగగా నవ్వుతున్న మనుషులు. సౌండ్ రాలేదు.

"నేను సెప్పలేదా, ఖరాబైందని" అన్నాడు బాపు వెంటనే.

చెవులు సరిగ్గా వినపడని మనిషికి సౌండ్ రావట్లేదని మాకంటే ముందే ఎలా తెలిసిందో నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే అక్కడే నిలదీసేదాన్ని.

చెల్లెలు స్టూడియోకి ఫోన్ చేసింది. అందులో ఉన్న సౌండ్ రకాన్ని మీ టీవీ చదవలేదు, మీడియా ప్లేయర్ అని ఒక డబ్బా దొరుకుతుంది, అది కొని టీవీకి కలపండి అని చెప్పాడతను. చెల్లెలికి సెలవు దొరికిన రోజు బయలుదేరాం. దవాఖానకు రమ్మని బతిమాలినా కదలని బాపు ఆ రోజు మాకంటే ముందే ఆటోలో ఎక్కి కూర్చున్నాడు. మేము ఆశ్చర్యపోయాం, సంతోషించాం కూడా. మా తెలివి అంతవరకే.

దుకాణం అతను ముందు కొత్త మోడల్ ఒకటి బయటికి తీసి, రిమోట్‌తో మాట్లాడితే చాలు కావలసిన సినిమా అదే వెతికి పెడుతుందన్నాడు.

"మాకు సినిమాలొద్దన్నా" అంది చెల్లెలు. "గీ పెన్‌డ్రైవ్‌ల ఉన్నది ఆడాలె, సౌండ్ రావాలె. గంతే."

ఇంత తక్కువ అడిగిన మనిషి అతనికి అంతకుముందు తగిలినట్టు లేదు. పెన్‌డ్రైవ్ తీసుకుని డబ్బాకు పెట్టాడు. గోడకున్న పెద్ద టీవీలో పందిరి మెరిసిపోతూ వచ్చింది. సౌండ్ మాత్రం రాలేదు.

"బొమ్మ ఎంత మంచిగొచ్చింది. గిదే కట్టియ్యి బాబూ" అన్నాడు బాపు.

"సౌండేది బాపు?" అంది చెల్లెలు.

"నాకెట్లాగు ఇనబడదాయె. బొమ్మ సాలదా బిడ్డా? గిది సిన్నగ, ముద్దుగున్నది."

నాకు ఒళ్ళు మండింది. "నీకు ఇనబడదని దానికి సుత ఇనబడొద్దా? చెవులు లేనోడు రేడియో బేరం చేసినట్టున్నది" అన్నాను. దుకాణమని కూడా చూడలేదు. బాపు తల తిప్పుకున్నాడు.

దుకాణం అతను లోపలికి వెళ్ళి ఇంకో డబ్బా తెచ్చాడు. నల్లగా, కొంచెం లావుగా, పైన దుమ్ము పట్టి ఉంది. "గిండ్ల యాప్‌లు తక్కువ, గందుకే ఎవ్వలు అడుగుతలేరు. కానీ పాత వీడియోలు, అన్ని తీర్ల సౌండ్ చదువుతది" అన్నాడు. వైరు తగిలించాడో లేదో సన్నాయి దుకాణమంతా నిండిపోయింది. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తొంగి చూశారు. చెల్లెలు గభాల్న రిమోట్ లాక్కుని ఆపేసింది.

"సాలు. మిగిలింది ఇంటికాడ" అంది.

బాపు వైపు చూస్తే కౌంటర్ అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమైందని అడిగితే, ఎండ అన్నాడు. లోపల ఏసీ చల్లగా కొడుతోంది.

ఇంటికొచ్చి అన్నాలు తిన్నాక చెల్లెలే వైర్లు కలిపింది. బాపు నేసిన పాత జంపఖానా పరిచి ముగ్గురం కూర్చున్నాం. వీడియోలో చాలాసేపు సినిమా పాటలే ఉన్నాయి. తలంబ్రాల మీదా పాటే, భోజనాల మీదా పాటే. ఒరిజినల్ మాటలన్నీ చెరిపేసి వాటి మీద పాటలు ఎక్కించడం అప్పటి వీడియోవాళ్ళ అలవాటు. అమ్మ అప్పుడప్పుడూ కనిపించింది, నడుము మీద చెయ్యేసుకుని, ఎవరినో పిలుస్తూ. పెదవులు కదిలేవి, పాట వినిపించేది. చెల్లెలి మొహం క్షణక్షణానికీ వాడిపోతోంది. నేను ఆ వీడియోవాణ్ణి మనసులో తిట్టని తిట్టు లేదు.

అంతలో మామ ఇంటి గడప వచ్చింది. పాట ఆగిపోయింది.

కొత్త జంట ఇంటికి రాగానే పెళ్ళికొడుకు తోబుట్టువు, అంటే ఆడబిడ్డ, తలుపుకు అడ్డం నిలబడుతుంది. ఒకరి పేరొకరు చెబితే గానీ లోపలికి రానివ్వదు. అంతటితో వదలదు, నీకు బిడ్డ పుడితే నా కొడుక్కిస్తానని మాటివ్వమంటుంది. మా వైపు బిడ్డంటే ఆడపిల్లే. అందరూ నవ్వుకునే ఘట్టం కనక వీడియోవాళ్ళు ఇక్కడ మాత్రం అసలు మాటలు ఉంచేవాళ్ళు. అమ్మ రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టి నోరు తెరిచింది.

"ఆగుండ్రి. పేర్లు సెప్పకుంట లోపలికెట్లొస్తరు?"

నేను ఉలిక్కిపడి చెల్లెలి వైపు తిరిగాను. అదే మాట్లాడిందనుకున్నాను. దాని నోరు మూసి ఉంది. చెయ్యి తన గొంతు మీద వేసుకుని టీవీనే చూస్తోంది. అదే గొంతు. బస్సులో 'ముందుకు జరుగుండ్రి' అనేటప్పుడు చివర సాగదీసే ఆ సాగదీత కూడా అదే. గుర్తులేదని ఇన్నేళ్ళు కుమిలిన నేను రోజూ ఆ గొంతుతోనే కొట్లాడుతున్నాను.

మామ, అత్తమ్మ నసుగుతూ పేర్లు చెప్పారు. అమ్మ కదల్లేదు. "గింతతోని కాదు. నీకు బిడ్డ పుడితె నా కొడుక్కిస్తనని మాటియ్యి. అప్పుడే తొవ్వ ఇడుస్త."

"నీకు కొడుకేడున్నడే? ఉన్నది బిడ్డేనాయె" అని ఎవరో ముసలావిడ అడిగింది.

అమ్మ కడుపు మీద చెయ్యేసింది. "గిండ్ల ఉన్నడు నా కొడుకు."

టీవీ నల్లబడిపోయింది.

బాపు లేచి నిలబడి ఉన్నాడు. రిమోట్ చేతిలో ఉంది. బొమ్మ పోయాక కూడా ఎర్ర బటన్ నొక్కుతూనే ఉన్నాడు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారడం నేను మొదటిసారి చూశాను.

"గందుకే ఇననియ్యలే" అన్నాడు. "కొడుకనుకోని మోసింది. మీ అమ్మ పాయె. పసిపిల్ల పక్కల ఏడుస్తాంది. రేపు పెద్దగై గీ మాటింటె, ఇది ఎట్ల బతుకుతది అనుకున్న. ఆన్నే బంద్ చేసిన. క్యాసెట్ సుత పొయ్యిల పెట్టిన."

ఆ రోజు పెళ్ళిలో ఆయన గడప దగ్గర లేడు, నన్ను వెంటబెట్టుకుని వంట బోళ్ళు దింపే వ్యాను దగ్గర ఉన్నాడు. ఆ మాటను మొదటిసారి విన్నది గొళ్ళెం పెట్టుకున్న గదిలో, అమ్మ పోయిన దుఃఖంలో, ఒక్కడే. అది తెలిసినా నా కోపం ఆగలేదు.

"బాపు, తలుపుకాడ ఆడబిడ్డ ఇంకేమంటది?" అని అరిచాను. "లోకంల అందరు అదే అంటరు. పెద్దబాపు కొడుకు పెండ్లిల నేను సుత నా కొడుక్కియ్యి అన్న. నాకసలు పెండ్లే కాలే."

ఆయనకు వినపడిందో లేదో తెలియదు. చెల్లెలు బాపు చేతిలోంచి మెల్లగా రిమోట్ తీసుకుని మళ్ళీ ఆన్ చేసింది. మొదటి నుంచి చూస్తారా, ఆపిన చోటి నుంచా అని ఆ డబ్బా ఇంగ్లీషులో అడిగింది. చెల్లెలు కాసేపు ఆ అక్షరాల వైపే చూసి, ఆపిన చోటి నుంచి అని నొక్కింది.

కడుపు మీద చేత్తో అమ్మ మళ్ళీ వచ్చింది. చుట్టూ నవ్వులు. ఆ నవ్వుల్లోంచి మామ గొంతు, "అక్కా, బిడ్డ పుడితె మరి? నా కొడుక్కిస్తవా?"

గుమ్మానికి అడ్డం పెట్టిన రెండో చెయ్యి కూడా అమ్మ దించింది. రెండు చేతులూ కడుపు చుట్టూ వేసుకుంది. "బిడ్డైతె ఎవ్వలకియ్య పో. నా దగ్గర్నే ఉంచుకుంట" అంది.

జనం గొల్లుమన్నారు. అమ్మ పక్కకు జరిగింది, జంట కుడికాలు లోపల పెట్టింది, పాట మొదలైంది. చెల్లెలు వినాలనుకున్న జవాబు ఆ ఒక్క మాటే, అది బాపు ఆపేసిన చోటికి పక్కనే ఉంది. ఆయన ఇంకొక్క నిమిషం ఓర్చుకుని ఉంటే చెల్లెలు ఇన్నేళ్ళు ఎంత తేలిగ్గా బతికేదో.

బాపు మా మొహాలు మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ నవ్వుల రొదలో ఆయనకేమీ వినపడలేదు.

"ఏమన్నది?" అన్నాడు. "ఏమన్నదే మీ అమ్మ?"

చెల్లెలు జరిగి ఆయన పక్కన కూర్చుంది. చెవి దగ్గరికి వంగి, "బిడ్డైతె ఎవ్వలకియ్య పో. నా దగ్గర్నే ఉంచుకుంట" అంది.

బాపు టీవీ వైపు తిరగలేదు. చెల్లెలి మొహమే చూస్తూ, "జర ఇంకోసారి అను" అన్నాడు.