నూకాలు మింగేసిన డైలాగు

ఆ డైలాగు రాసింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే నా బాధ మీకు అర్థమవుతుంది.

ముప్పై అయిదేళ్ళ కిందటి మాట. పగలు పోర్టు ఆఫీసులో టైపిస్టుని, సాయంత్రాలు మల్కాపురం కళాసమితిలో నాటక రచయితని. పేరు సన్యాసిరాజు. టీవీకి సైన్సు సీరియల్ తీస్తానంటూ హైదరాబాదు నుంచి ఒక దర్శకుడు దిగాడు. ‘అంగారక అతిథులు’, పదమూడు వారాలు. అంగారక గ్రహానికి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు కుదిరాయి. అంతరిక్ష నౌకకి పాత ఇనప డ్రమ్ములు కుదిరాయి. మాటలకి నేను కుదిరాను. మూడూ ఊళ్ళో ఊరికే పడున్నవే.

గ్రహాంతర స్త్రీ మాత్రం కుదరలేదు. హైదరాబాదు నుంచి తెచ్చిన అమ్మాయి ఒళ్ళంతా వెండి రంగు పూస్తారనగానే తిరుగు రైలెక్కేసింది. ఆ పూట షూటింగువాళ్ళ వంటకి చేపలు పట్టుకుని నూకాలు వచ్చింది. నెత్తి మీద నిండు గంప. మెడ తిప్పదు. ఎటు చూడాలన్నా మనిషి మొత్తం తిరుగుతుంది. దర్శకుడు ఎగిరి గంతేసి, “ఈమె భూమ్మీద మనిషి కాదయ్యా!” అన్నాడు.

“నీ కళ్ళకి నానేటి దెయ్యంలాగ కనబడతన్నానా బాబూ?” అంది నూకాలు.

అలా కుదిరింది. అప్పటికి ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. పుట్టింది వేటకెళ్ళే ఇంట్లో, మెట్టింది వేటకెళ్ళే ఇంట్లో. మొగుడు గురువులు సముద్రం మీద, ఈమె చేపల గంపతో మల్కాపురం వీధుల్లో. పన్నెండు వారాల కథలో ఆమె ఒళ్ళంతా వెండి రంగుతో, నెత్తిన బోర్లించిన సత్తు గిన్నెతో హీరో వెనకాల నడిచింది. మాట లేదు. పదమూడో వారంలో ఒక్కటంటే ఒక్క మాట. హీరో నౌకెక్కి భూమికి బయల్దేరతాడు. ఆమె వెనక నుంచి పిలిచి చెప్పాలి: “ఆగు, మానవా! ఆ నౌక తిరిగి రాదు!”

మూడు రోజులు ఆఫీసుకి సెలవు పెట్టి రాశాను ఆ మాటని. చదువుకుంటే నాకే ఒళ్ళు జలదరించేది.

నూకాలుకి కూడా అది ముఖ్యమే. మాట ఉన్నవాళ్ళకే టైటిల్లో పేరు వేస్తానని దర్శకుడు పెట్టిన నియమం. అందుకని వారం రోజులు కానాగంత చేపలు అమ్ముతూ ఆ డైలాగు వల్లించింది. ఆ వారం గురువులు ఒడ్డునే ఉన్నాడు, వల బాగుచేసుకుంటూ. ఈ ముక్క గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఆ పై వారం, షూటింగు ఆఖరి రోజు. పొద్దు వాలుతోంది, హీరోకి రైలు టైమవుతోంది. మళ్ళీ తీసే వీలు లేదు. హీరో డ్రమ్ము వైపు నడిచాడు. నూకాలు వెనక రెండడుగులు వేసింది. నోరు తెరిచింది. మూసేసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, దిబ్బ చుట్టూ గబగబా తిరిగి హీరోకి ఎదురుగా వచ్చి నిలబడింది. చేతులు కట్టుకుని, చల్లగా చూస్తూ. ఏం చెయ్యాలో తెలియక హీరో బిక్కమొహం వేశాడు. కంట్లో ఎర్రదుమ్ము పడి నీళ్ళు కారాయి. అలాగే ఆమెని తప్పుకుని డ్రమ్ములోకి దూరిపోయాడు. దర్శకుడు తల పట్టుకున్నాడు. నేను ఏం పట్టుకోవాలో తోచక స్క్రిప్టు చింపేశాను.

టైటిల్సులో ‘మాటలు: సన్యాసిరాజు’ అని పెద్దక్షరాలతో వచ్చింది. నూకాలు ‘మరియు ఇతరులు’లో కలిసిపోయింది.

మర్నాటి నుంచి పేటలో ఆమె పేరు మూగగ్రహం. ఆ పేరు పెట్టింది వేరెవరో కాదు, గురువులే. కెమెరాని చూసి తన పెళ్ళాం నోరు పడిపోయిందని పదిమందిలో చెప్పి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నేనేమీ తక్కువ తినలేదు. ముప్పై అయిదేళ్ళుగా ఆమె దగ్గర చేపలు కొంటూనే ఉన్నాను, నా డైలాగు మింగేశావని దెప్పుతూనే ఉన్నాను.

“మర్సిపోనాను బాబూ, ఏటి సెయ్యమంటావు?” అనేది చేప పొలుసు తీస్తూ.

ఇప్పుడు ఆ సీరియల్ క్లాసిక్ అయి కూర్చుంది. ఎవరో పుణ్యాత్ముడు యూట్యూబులో పెట్టాడు. రుషికొండ ఐటీ ఆఫీసుల్లో పిల్లలకి పిచ్చి పట్టింది. అభిమాన సంఘం పెట్టారు, చర్చలు పెట్టారు. హిమబిందు అనే అమ్మాయి నెత్తి మీది సత్తు గిన్నె మీద నలభై పేజీలు రాసింది. ఆ గిన్నెలో మధ్యాహ్నం మేమంతా పులిహోర కలుపుకున్నామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సంఘం పెద్ద సాయిశంకర్ అయితే ఆ ఆఖరి సీను మీదే ఆరేళ్ళుగా ఉపన్యాసాలిస్తున్నాడు. మనిషి ప్రశ్నకి విశ్వం ఇచ్చిన జవాబట ఆ మౌనం. భారతీయ నటనలో అంత నిగ్రహం మళ్ళీ రాలేదట. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

వాళ్ళు సీరియల్ని శుభ్రం చేసి, కొత్త టైటిల్సుతో రుషికొండ హాల్లో వేద్దామనుకున్నారు. ఆ మహానటి ఎవరని నన్నడిగారు. నెలకి రెండుసార్లు నా ఇంటికి చేపలు తెస్తుందన్నాను. సాయిశంకర్‌కి కళ్ళు తిరిగాయి. ఆమె పేరు వెయ్యండి అంటే మాత్రం నసిగాడు.

“దర్శకుడి నియమం ఉంది కదండీ. మాట ఉన్నవాళ్ళకే పేరు. క్లాసిక్‌లో మనం వేలు పెట్టకూడదు.”

నాలో ముప్పై అయిదేళ్ళ దుగ్ధ లేచి కూర్చుంది. “అయితే ఆ మాట ఇప్పుడు చెప్పించండి. హాల్లో మైకు ముందు చెబుతుంది, మీరు రికార్డు చేసి సీనులో కలపండి. మౌనం కావాలనే పండితులకి పాతది ఉండనే ఉంది” అన్నాను. పైకి నూకాలు కోసం. లోపల నా డైలాగు కోసం.

ఆ సంగతి చెబితే నూకాలు కత్తి పక్కన పెట్టి, “నిజింగా పేరేత్తారా? నా మనవరాలు ధనశ్రీ సదువుద్దా?” అని రెండుసార్లు అడిగింది. నీళ్ళు నిండిన ఆ కళ్ళు చూసి నాకే సిగ్గేసింది.

ఆ ఆదివారం పట్టుచీర కట్టుకుని, గురువులుని వెంటబెట్టుకుని హాలుకి వచ్చింది. సాయిశంకర్ నలభై నిమిషాలు విశ్వమౌనం గురించి మాట్లాడి ఆమెకి మైకు ఇచ్చాడు. తెర మీద హీరో డ్రమ్ము వైపు నడుస్తున్నాడు. వెండి నూకాలు నోరు తెరిచింది. పట్టుచీర నూకాలు కూడా తెరిచింది. ఇద్దరూ మూసేశారు.

ముందు వరసలోంచి గురువులు అరిచాడు: “మల్లీ మర్సిపోనాదిరా బాబూ!”

హాలంతా గొల్లుమంది. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నూకాలు మైకు దించలేదు. “మర్సిపోలేదు మావా. అప్పుడూ మర్సిపోలేదు. ఆ ఏళ నువ్వెక్కడున్నావు? ఏటకెల్లి ఐదు దినాలు. గాలి మారిపోనాది, నీ బోటు జాడ లేదు. బైలెల్లినోడిని ఎనకనించి పిలవమంటాడు డైరక్టరుబాబు. పిలిసి, అలాటి మాట అనమంటాడు ఈ రాజుబాబు. ఆ మాట నా నోటితో నానెలగంటాను? అందుకే ఎదురెల్లినాను. ముత్తయిదువు ఎదురొత్తే మంచిది గదా. ఎవులికి మంచైనా సాలనుకున్నాను.”

గురువులు లేచి నిలబడ్డాడు. అరవై ఆరేళ్ళ మనిషి. “మరి నానొచ్చినాక సెప్పొచ్చు గదే? ఇన్నేళ్ళు అందరం నవ్వుతుంటే...”

“ఎందుకన్లేదో సెప్పాలంటే ఆ మాట అనాల గదా మావా. నువ్వు మల్లీ ఏటకెల్తావు గదా. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నవ్వడానికి నువ్వున్నావు గదా.”

నా గురించి చెప్పాలి. కళ్ళు తుడుచుకుందామంటే జేబులో రుమాలు కూడా లేదు. వేటకెళ్ళే ఇంటి ఆడమనిషి చేత, మొగుడు సముద్రం మీదున్న రోజున, నౌక తిరిగి రాదని అనిపించబోయాను నేను. పైగా మల్కాపురంలో పుట్టి పెరిగిన రచయితని.

సాయిశంకర్ తన ఆరేళ్ళ ఉపన్యాసం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, “మరి డైలాగు లేకపోతే పేరు... నియమం...” అన్నాడు.

“ఇయ్యాల నా కొడుకు దొరబాబు సంద్రం మీదున్నాడు. ఆ మాట అన్ను. పేరు ఎయ్యకపోతే మానీ” అంది నూకాలు. అని తెర వైపు తిరిగింది. అక్కడ ఆపేసిన బొమ్మలో హీరో కంట్లో నీళ్ళతో డ్రమ్ము ముందు నిలబడి ఉన్నాడు. మైకు దగ్గరగా పెట్టుకుని, బస్సెక్కించే పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది:

“ఎల్లిరా బాబూ. బేగి వచ్చీ.”

సాయిశంకర్ నా వైపు చూశాడు. “ఇది స్క్రిప్టులో లేదు కదండీ?”

“ఉంది. నేనే తప్పు రాశాను” అన్నాను.

కొత్త టైటిల్సు నేను దగ్గరుండి చేయించాను. ‘గ్రహాంతర స్త్రీ: నూకాలు.’ దాని కింద ‘మాటలు: సన్యాసిరాజు, నూకాలు.’ ఆవిడ పేరు రెండుసార్లు, నా పేరు ఒక్కసారి. కొంచెం కడుపుమంటగా ఉన్న మాట నిజమే, కానీ లెక్క సరైనదే.

మంగళవారం దొరబాబు బోటు హార్బరుకి వచ్చింది. గురువారం గురువులు కూడా కొడుకుతో వేటకి బయల్దేరాడు. సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాటాడు, కదలకుండా వీధిలోనే నిలబడ్డాడట.

“నూకాలూ, ఓపాలి ఎదురు రావే.”

పొయ్యి మీద పులుసుంది, ఇప్పుడు కుదరదని లోపల నుంచి అందట. అంటూనే పొయ్యి కట్టేసి, పెరటి దారిన చుట్టూ తిరిగి, వీధిలో ఎదురుగా వచ్చిందట.